జపాన్ పల్లెల్లో ఒన్సెన్ బస: భోజనం చూసి సత్రం ఎంచుకోవాలి

ఒన్సెన్ అంటే వేడినీటి బుగ్గ, ర్యోకాన్ అంటే జపాన్ పాతకాలపు పద్ధతి సత్రం. ర్యోకాన్ ధర చూసి మొదటిసారి వెళ్ళేవాళ్ళు రెండు పొరపాట్లు చేస్తారు. ఆ అంకె గదికి అనుకుంటారు, కానీ అది మనిషికి. ఇద్దరు వెళ్తే రెట్టింపు. ఇంకోటి, ఆ డబ్బు పడకకీ స్నానానికీ అనుకుంటారు. నిజానికి అందులో పెద్ద వాటా రాత్రి భోజనానిది. ‘ఇప్పకు నిషొకు’, అంటే ఒక రాత్రి, రెండు పూటల తిండి అన్న పద్ధతిలో మనిషికి 15,000 నుంచి 30,000 యెన్‌లు మామూలు. పేరున్న చోట అంతకు మించే ఉంటుంది. పచ్చి చేప ముక్కలు, కాల్చిన చేప, చిన్న కుంపటి మీద ఉడికే మాంసం, గుడ్డుతో చేసిన మెత్తటి ఆవిరి వంటకం, పులుసు, ఊరగాయ ముక్కలు, అన్నం, ఇలా ఎనిమిది పది చిన్న గిన్నెలు వరసగా వస్తాయి. ఇవన్నీ ఇష్టంగా తినగలిగితే ర్యోకాన్‌కి సాటి లేదు. తినలేకపోతే, సగం డబ్బు పళ్ళెంలోనే వదిలేసి రావడమే.

అందుకే ఒన్సెన్ బస ఎంచుకునేటప్పుడు ఫొటోలో కనిపించే మంచు, లాంతర్లు తర్వాత చూడండి. ముందు తిండి, తర్వాత స్నానం ఎలా చేస్తారన్నది, ఆ తర్వాత ఊరు. ఈ వరసలో వెళ్తే ఎంపిక చాలా తేలికవుతుంది.

దాషి సంగతి ముందు తేల్చుకోండి

మన వంటకి పోపు ఎంతో వాళ్ళ వంటకి దాషి అంత. ఎండబెట్టిన కత్సువో చేపని తురిమి, వేడి నీళ్ళలో వేసి తీసిన రసం అది. మిసో సూప్‌లో, ఉడికించిన కూరగాయల్లో, గుడ్డు చుట్టలో, సోబా నూడుల్స్ నంజుకునే పులుసులో, టోఫు మీద పోసే సాస్‌లో కూడా అదే ఉంటుంది. ‘వెజిటేరియన్’ అని రాస్తే చాలామంది సత్రంవాళ్ళు మాంసం ముక్క, చేప ముక్క తీసేసి, దాషి అలాగే ఉంచి పెడతారు. వాళ్ళ లెక్కలో అది మోసం కాదు, అది రుచికి వేసే నీళ్ళు. కాబట్టి మాట విడమరచి చెప్పాలి. నోటితో అయితే ఇలా: ‘నికు, సకనా, కత్సువో-దాషి వా తబెరరెమసెన్. కొంబు-దాషి వా దైజోబు దెసు.’ మాంసం, చేప, కత్సువో రసం తినలేం, కొంబు అనే సముద్రపు పాచి రసం ఫరవాలేదు అని అర్థం. బుక్ చేసేటప్పుడే ఇదే మాటని ఫోన్‌లోని అనువాదం యాప్‌తో జపనీస్ లిపిలోకి మార్చి, కోరికలు రాసే గడిలో పెట్టండి. జవాబు ‘కుదరదు’ అని వస్తే బతిమాలకండి. వంటవాళ్ళు సరుకు రోజుల ముందే తెప్పించుకుంటారు, ఒక్కరి కోసం రసం వేరుగా కాయడం చిన్న సత్రంలో నిజంగానే కష్టం. చేరాక కౌంటర్ దగ్గర చెప్తే మాత్రం దాదాపు ఎక్కడా పని జరగదు.

దీన్ని బట్టే బస రకం మారుతుంది.

చేప, మాంసం తింటారా? ర్యోకాన్‌కి వెళ్ళండి, ఒక్క రాత్రి. రెండో రాత్రి కూడా అక్కడే ఉంటే భోజనం దాదాపు మొదటి రోజులాగే ఉంటుంది. పైగా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 వరకు గది శుభ్రం చేస్తామని బయటికి వెళ్ళమనే చోట్లు చాలా ఉన్నాయి.

ఇంత హంగు వద్దు, ఇంటి తిండి చాలు అనుకుంటే మిన్షుకు. ఒక కుటుంబం నడిపే ఇల్లు. మనిషికి రెండు పూటలతో 8,000 నుంచి 12,000 యెన్‌ల చుట్టూ ఉంటుంది. పరుపు మనమే పరుచుకోవాలి, స్నానాల గది అందరికీ ఒకటే, మరుగుదొడ్డి కూడా ఒక్కోసారి అంతే. కార్డు తీసుకోని చోట్లు ఎక్కువ కాబట్టి నగదు పెట్టుకోండి. ఊళ్ళోకి వెళ్ళేముందే సెవెన్ ఇలెవెన్ దుకాణంలోనో, పోస్టాఫీసులోనో ఉండే ఏటీఎంలో తీసుకోవాలి. కొండల్లోకి వెళ్ళాక దొరకదు.

శాకాహారులకి, గుడ్డు కూడా ముట్టనివాళ్ళకి మూడు మంచి దారులున్నాయి. మొదటిది ‘సుదొమారి’, అంటే భోజనం లేకుండా గది, స్నానం మాత్రమే. అదే సత్రం ఇలా ఇస్తే ధర బాగా తగ్గుతుంది. కానీ చుట్టూ దుకాణాలున్న ఊళ్ళోనే ఇది పనికొస్తుంది. కొండ మీద ఒంటరి సత్రంలో సుదొమారి తీసుకుంటే రాత్రి ఆకలితో పడుకోవాలి. రెండోది షుకుబో, గుడిలో బస. వకయామా జిల్లా కోయాసాన్ కొండ మీద యాభైకి దగ్గరగా ఇలాంటి గుళ్ళున్నాయి. పెట్టేది షొజిన్ ర్యోరి. మాంసం, చేప ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. రసం కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. మన ఇళ్ళల్లో ఏకాదశి వంట తెలిసినవాళ్ళకి దీని మర్మం వెంటనే అర్థమవుతుంది. కొరత ఒక్కటే, చాలా గుళ్ళలో ఉన్నది మామూలు వేడినీటి తొట్టి, ఒన్సెన్ కాదు. ఫుకుచి-ఇన్ అనే గుడిలో మాత్రం ఒన్సెన్ కూడా ఉంది. మూడోది, మన దగ్గర చాలామందికి తెలియనిది, స్వయంపాకం సత్రాలు. వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

స్వయంపాకం: తోజిబా, కన్నవా

పూర్వం రైతులు కోతలయ్యాక ఒళ్ళు నొప్పులు పోగొట్టుకోడానికి వారం, పది రోజులు బుగ్గల దగ్గర ఉండిపోయేవాళ్ళు. బియ్యం, కూరలు తమవే. అలాంటి చోట్లని తోజిబా అంటారు. ఇప్పటికీ మియాగి జిల్లా నరుకోలో, అఒమోరి జిల్లా సుకాయులో ఇలాంటి విభాగాలున్నాయి. ఉమ్మడి వంటగదిలో గ్యాస్ పొయ్యి, గిన్నెలు ఉంటాయి. గది సాదాగా ఉంటుంది, ధర ర్యోకాన్‌లో సగం కూడా ఉండకపోవచ్చు.

వీటిలో తెలుగు శాకాహార కుటుంబానికి అన్నిటికంటే అనువైనది ఒయితా జిల్లా బెప్పులోని కన్నవా పేట. బెప్పు పల్లె కాదు, ఊరే. కానీ కన్నవాలో సందు సందునా నేల నుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది. స్వయంపాకం గదులిచ్చే సత్రాల పెరట్లో ఆ ఆవిరితోనే పనిచేసే పొయ్యిలుంటాయి. బుట్టలో చిలగడదుంప, గుమ్మడి, మొక్కజొన్న, క్యాబేజీ పెట్టి మూత వేస్తే చాలు. కోడిగుడ్డుకి పది నిమిషాల లోపే, చిలగడదుంపకి అరగంట. దీన్నే ‘జిగొకు-ముషి’, నరకపు ఆవిరి వంట అంటారు. ఆవిరిలో కాస్త ఉప్పు, ఖనిజాలు ఉంటాయి కాబట్టి కూరముక్కకి దానంతటదే చిన్న రుచి పడుతుంది. ఆ ముక్కల మీద ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, నెయ్యి వేసుకుంటే రాత్రి భోజనం అయిపోయినట్టే. బెప్పు స్టేషన్ నుంచి కన్నవాకి బస్సులో 20 నిమిషాలు.

సామాను విషయంలో జరిగే తప్పులు ఇవి. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, పళ్ళు పెట్టెలో పెట్టకండి. తాజా మొక్క భాగాలకి తనిఖీ పత్రం లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. మాంసం కలిసిన పచ్చళ్ళు అసలు వద్దు. బియ్యం అక్కడే కొనుక్కోండి. ఇండియా నుంచి కరెంటు కుక్కర్ మోసుకెళ్ళడం కూడా దండగే. అక్కడ కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ దాని మీద ఐదో వంతు శక్తి కూడా ఇవ్వదు. 500 వాట్లది 95 వాట్లు అయిపోతుంది, అన్నం ఉడకదు, నానుతుంది అంతే. అమెరికా నుంచి వచ్చేవాళ్ళ 120 వోల్టుల కుక్కర్ నెమ్మదిగానైనా ఉడికిస్తుంది, ప్లగ్గు కూడా రెండు పలకల పిన్నులదైతే సరిపోతుంది. ఏదైనా సరే, చాపల గదిలో వంట చెయ్యకండి. తతామి గడ్డి చాప, నూనె మరకా వాసనా వదలవు. పచ్చడి సీసా కూడా భోజనాల గదిలోనో వంటగదిలోనో తెరవడం మర్యాద.

స్నానం: నలుగురిలోనా, విడిగానా?

ఒన్సెన్‌లో బట్టల్లేకుండా దిగాలి, ఈత దుస్తులు ఒప్పుకోరు. ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు ఉంటాయి. అయినా మనలో చాలామందికి ఇదే పెద్ద సంకోచం. దీన్ని దాచుకుని, అక్కడికి వెళ్ళాక చూద్దాంలే అనుకుని, చివరికి స్నానమే చెయ్యకుండా తిరిగొచ్చేవాళ్ళున్నారు. ముందే ఒప్పుకుని దానికి తగ్గ సత్రం తీసుకుంటే ఈ బాధ ఉండదు.

విడిగా కావాలంటే రెండు పద్ధతులు. గదికే బయటి తొట్టి ఉన్నది తీసుకోవచ్చు, హాయి ఎక్కువ, ధరా ఎక్కువ. లేదా ‘కాషికిరి’ అనే అద్దె స్నానాల గది, 45 నుంచి 50 నిమిషాలు మీ కుటుంబానికే. కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల రెండు మూడు వేల యెన్‌లు. మా మాట కాషికిరికే. గది తొట్టిలో వచ్చేది ఒక్కోసారి కాచిన మామూలు నీళ్ళు, కాషికిరికి బుగ్గ నీళ్ళే వస్తాయా అని అడిగి బుక్ చేసుకోవచ్చు. భార్యాభర్తలు, చిన్నపిల్లలు కలిసి దిగగలిగేదీ ఇందులోనే. 2020లో వచ్చిన మార్గదర్శకం ప్రకారం దాదాపు 7 ఏళ్ళు, ఆపైన ఉన్న మగపిల్లల్ని తల్లితో, ఆడపిల్లల్ని తండ్రితో ఉమ్మడి స్నానానికి పంపకూడదు. డైపర్ వాడే పాపల్ని ఉమ్మడి తొట్టిలోకి రానివ్వరు. నెలసరి రోజుల్లోనూ ఉమ్మడి తొట్టి వద్దు.

ఉమ్మడి స్నానానికి సిద్ధపడ్డవాళ్ళు తలుపు తెర మీది అక్షరం గుర్తుపట్టాలి. మగవాళ్ళ అక్షరానికి పైన నాలుగు గళ్ళ చదరం ఉంటుంది, ఆడవాళ్ళదానికి ఉండదు. రంగు నమ్ముకోవద్దు. చాలా సత్రాల్లో పొద్దున్నకి రెండు స్నానాల గదులూ మార్చేస్తారు, రాత్రి వెళ్ళిన తలుపే కదా అని వెళ్తే తప్పు చోటికి వెళ్తారు. తొట్టిలో దిగేముందు పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా తోముకోవాలి. తలకి కొబ్బరినూనె ఉంటే షాంపూతో పూర్తిగా పోగొట్టి, జుట్టు ముడి వేసుకుని దిగాలి. నీళ్ళ మీద నూనె తెట్టు కనిపిస్తే అందరికీ ఇబ్బంది. చిన్న తుండు నీళ్ళలో ముంచకూడదు, నెత్తి మీద పెట్టుకోవచ్చు. పచ్చబొట్టు ఉన్న పెద్దవాళ్ళు, చేతినిండా గోరింటాకు పెట్టుకున్న కొత్తపెళ్ళికూతుళ్ళు కూడా ముందు అడగాలి. అక్కడ ఒంటి మీది బొమ్మ అంటే చాలా చోట్ల ‘రావద్దు’ అని.

మెట్టెలు, పట్టీల సంగతి ఎవరూ ముందు చెప్పరు. గంధకపు నీళ్ళున్న ఊరిలో వెండి నిమిషాల్లో నల్లబడుతుంది. మెట్టెలు బిగుసుకుపోయి రాకపోతే ఇంట్లోనే సబ్బు రాసి తీసి చూసుకోండి, లేదా ఉప్పునీటి బుగ్గలున్న ఊరు ఎంచుకోండి.

నీళ్ళ నాణ్యత కోసం ఒకే మాట గుర్తుంచుకోండి: ‘గెన్సెన్ కకెనగాషి’. బుగ్గ నుంచి వచ్చిన నీళ్ళు తొట్టి నిండి పొర్లిపోతూ ఉంటాయి, తిప్పి తిప్పి వాడరు. 1948 నాటి చట్టం ప్రకారం బుగ్గ దగ్గర 25 డిగ్రీలున్నా, చట్టం చెప్పిన 19 పదార్థాల్లో ఏదో ఒకటి తగినంత ఉన్నా ఒన్సెన్ అనొచ్చు. కాబట్టి ఆ పేరు ఒక్కటే హామీ కాదు. నీళ్ళు కలుపుతున్నారా, కాస్తున్నారా, తిప్పి వాడుతున్నారా, క్రిములు చంపే మందు వేస్తున్నారా అన్నది 2005 నుంచి బట్టలు మార్చుకునే గదిలో బోర్డు పెట్టి తీరాలి. ఫోన్ కెమెరాతో ఆ గదిలో అనువాదం చెయ్యబోకండి, కెమెరా తీయడమే నేరంలా చూస్తారు. కౌంటర్ దగ్గర అడగండి.

ఊళ్ళు: ఎవరికేది

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి కినొసాకి. హ్యోగో జిల్లాలో, స్టేషన్ ఊళ్ళోనే ఉంటుంది. ఒసాకా నుంచి, క్యోటో నుంచి నేరుగా ఎక్స్‌ప్రెస్ రైలు, రెండున్నర గంటల చుట్టూ. దారి చదునుగా ఉంటుంది. ఏ సత్రంలో దిగినా ఊరిలోని ఉమ్మడి స్నానశాలలకి ఉచిత ప్రవేశం ఇస్తారు. అన్నీ వారంలో వేర్వేరు రోజుల్లో మూసేస్తారు కాబట్టి ఆ రోజు ఏవి తెరిచున్నాయో చూసుకోండి. ఈ స్నానశాలల్లో పచ్చబొట్టుకి అభ్యంతరం లేదు. నీళ్ళు ఉప్పునీళ్ళు, మెట్టెలకి భయం లేదు. దుకాణాలు, తిండి దొరికే చోట్లు ఉన్నాయి కనుక సుదొమారి ఇక్కడ చక్కగా పనికొస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా పీతల కాలం, ధరలు దానికి తగ్గట్టు ఎగురుతాయి. పీత తినని ఇల్లు ఆ నెలల్లో భోజనంతో బుక్ చెయ్యడం నష్టం.

కుమమొతో జిల్లా కురొకావా అడవి మధ్యలో లోయలాంటి ఊరు. ఆరుబయటి స్నానాలకి ఇంతకంటే అందమైన చోటు దొరకడం కష్టం. దేవదారు చెక్కతో చేసిన ‘తెగతా’ బిళ్ళ కొనుక్కుంటే మూడు సత్రాల్లో స్నానం చెయ్యొచ్చు. 1986లో మొదలైన ఈ ఏర్పాటే ఊరిని నిలబెట్టింది. కానీ రైలు లేదు. ఫుకువొకా నుంచి బస్సు, సుమారు మూడు గంటలు, రోజుకి కొన్నే. ముందు సీటు బుక్ చెయ్యాలి. మెట్లు, వాలు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం.

న్యూతో, అకితా జిల్లా కొండల్లో ఏడు సత్రాల గుంపు. టోక్యో నుంచి కొమాచి రైల్లో మూడు గంటల లోపు తజవాకో, అక్కడి నుంచి బస్సు 50 నిమిషాలు. ఆ ఏడింటిలో త్సురునొయు సత్రం పాలరంగు నీళ్ళకి ప్రసిద్ధి, నెలల ముందు చూసుకోకపోతే గది దొరకదు. ఏదో ఒక సత్రంలో రాత్రి బస చేసినవాళ్ళకి మాత్రమే ఏడు చోట్లా స్నానానికి పుస్తకం అమ్ముతారు. ఇక్కడ దుకాణాలు లేవు. గట్టి శాకాహారులు ఒకరోజు స్నానానికి వెళ్ళి తజవాకోలోనో, ఇంకా పెద్ద ఊళ్ళోనో ఉండటం మేలు. చేప తినేవాళ్ళకి మాత్రం అక్టోబర్ మధ్యలో, ఆకులు ఎర్రబడే వేళ, ఇదే మా మొదటి ఎంపిక. వీటిలో కురొయు సత్రాన్ని చలికాలంలో మూసేస్తారు.

నడక ఇష్టమైనవాళ్ళకి వకయామా జిల్లా యునొమినె. కుమానో యాత్రా మార్గంలో ఉంది. ఇక్కడి త్సుబొయు, వాగు ఒడ్డున ఒక్క కుటుంబం పట్టే చిన్న స్నానపు గుంట, 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన యాత్రా స్థలాల్లో భాగం. టికెట్ తీసుకుని వరసలో ఉంటే అరగంట మీదే. బయట 90 డిగ్రీల నీటి గుంటలో వల సంచిలో గుడ్లు, చిలగడదుంపలు ఉడకబెట్టుకోవచ్చు. కోయాసాన్ గుడి బసతో కలిపి వెళ్తే శాకాహారులకి ఈ దారి కుదురుతుంది, బస్సుల వేళలు మాత్రం ముందే కాగితం మీద వేసుకోవాలి.

టైము, పెట్టెలు, మోకాళ్ళు

ప్రయాణాన్ని రాత్రి భోజనం వేళ నుంచి వెనక్కి లెక్కించండి. గది 3 గంటలకి ఇస్తారు, భోజనం 6 చుట్టూ, పల్లె బస్సు ఆఖరిది ఒక్కోచోట 4 గంటలకే. ఎనిమిదింటికి చేరితే భోజనం పోతుంది, డబ్బు తిరిగి రాదు. ఆలస్యమైతే దారిలోంచే ఫోన్ చెయ్యాలి. రాకపోతే 80 నుంచి 100 శాతం, ముందురోజు మానుకుంటే సగం దాకా పట్టుకోవడం మామూలు. శనివారాలు, ఏప్రిల్ చివరి నుంచి మే 5 దాకా, ఆగస్టు మధ్యలో ఒబోన్ సెలవులు, కొత్త సంవత్సరం వేళ ధర పెరుగుతుంది. ఒక్కరే వెళ్ళేవాళ్ళకి శనివారం గది ఇవ్వని చోట్లు ఎన్నో.

పెద్ద పెట్టెలు సత్రానికి తేకండి. చక్రాలు చాప మీద నడపనివ్వరు, బస్సులో చోటుండదు. ‘తక్యుబిన్’ పార్సిల్‌లో తర్వాతి నగరం హోటల్‌కి పంపేస్తే సాధారణంగా మర్నాటికి చేరుతుంది, దూరమైతే రెండు రోజులు. చిన్న సంచితో సత్రానికి వెళ్ళండి. తుండు, యుకాతా అనే పలచటి నూలు అంగీ వాళ్ళే ఇస్తారు. యుకాతా కట్టుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైన వేస్తే శవానికి వేసినట్టు.

కారు తీసుకుంటే, ఇండియాలో ఆర్టీవో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ చెల్లుతుంది. అక్కడా ఎడమ వైపే నడపాలి కాబట్టి ఇక్కడినుంచి వెళ్ళేవాళ్ళకి సులువు, అమెరికా అలవాటున్నవాళ్ళు మొదటి మలుపుల్లో జాగ్రత్త. మంచు కురిసే నెలల్లో తొహొకు, అంటే ఈశాన్య జపాన్ వైపు మాత్రం బస్సే మేలు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మంచాలున్న గది, కుర్చీ మీద కూర్చుని భోజనం, లిఫ్టు, ఈ మూడూ బుక్ చేసేటప్పుడే రాతలో అడగండి. పాత చెక్క సత్రాల్లో ఏదీ ఉండకపోవచ్చు. రక్తపోటు ఉన్నవాళ్ళు 42 డిగ్రీలు దాటిన తొట్టిలో దిగకుండా, ముందు కాళ్ళ మీద, తర్వాత భుజాల మీద చెంబుతో వేడినీళ్ళు పోసుకుని, ఐదు నిమిషాలుండి లేవాలి. లేచేటప్పుడు గోడ పట్టుకుని నెమ్మదిగా లేవాలి, కళ్ళు తిరిగి పడేది ఆ క్షణంలోనే. స్నానానికి ముందూ తర్వాతా ఒక్కో గ్లాసు మంచినీళ్ళు.